మూడో తరగతి తల్లిదండ్రులకు నేను చెప్పిన ఒక మాట

2012 జూన్‌లో పద్మారావు నగర్‌లోని ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో నాకు మూడో తరగతి ‘బి’ సెక్షన్ అప్పగించారు. క్లాస్ టీచర్‌గా మూడో తరగతి నాకు కొత్త కాదు, అప్పటికి చాలా బ్యాచ్‌లు నా చేతుల మీదుగా వెళ్ళాయి. ప్రైమరీలో మగ టీచర్లు అరుదు కాబట్టి తొలిరోజు పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు నన్ను డ్రిల్లు మాస్టారనుకునేవారు. ఆ ఏడు ఒకావిడ ఆయమ్మను పక్కకు పిలిచి, “మూడో క్లాసుకు సారా? కొడ్తడా ఏంది?” అని అడగడం నా చెవిన పడింది. “గాయన అరుసుడే గనీ కొట్టుడు లేదు తియ్” అని ఆయమ్మ ధైర్యం చెప్పింది.

ఆ అరుపులకే గొంతు దెబ్బతిని, యాభై రెండేళ్ళకే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇప్పుడు సీతాఫల్‌మండిలో ఇంటిపట్టునే ఉంటున్నాను. ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే ఎవరో ఒకరు ఆపుతారు. “మా పాప ఈ ఏడు మూడో తరగతికొచ్చిందండీ. ఎలా ఉంటుంది?” అంటారు. నాకు ఇష్టమైన ప్రశ్న అది. నిలబడి ఓపిగ్గా చెబుతాను.

రెండో తరగతి దాకా లెక్క అంటే అంకెలే. మూడులో లెక్కలు వాక్యాల్లోకి వస్తాయి. వీటిని మేము స్టేట్‌మెంట్ సమ్స్ అంటాం. రాజు దగ్గర ఇన్ని మామిడిపళ్ళు ఉన్నాయి, సీతకు ఇన్ని ఇచ్చాడు అని కథ చెప్పి, కూడాలో తీసివేయాలో చెప్పకుండా వదిలేస్తారు. నిన్నటిదాకా నూటికి నూరు తెచ్చిన పిల్లలు ఇక్కడ తడబడతారు. కంగారు పడవద్దు. విడివిడి అక్షరాలు పోయి కలిపిరాత మొదలవుతుంది, రాత కొన్నాళ్ళు పాడవుతుంది. హిందీ కొత్తగా వస్తుంది, దాంతో తెలుగు అక్షరాల నెత్తిన కూడా అడ్డగీత గీసుకొస్తారు. పెద్ద పళ్ళు వచ్చేశాక ముఖం అంతకుముందున్న ముఖం కాదు. ఎవరి పక్కన కూర్చోవాలన్నది పరీక్ష మార్కుల కన్నా పెద్ద విషయమవుతుంది. బడిలో జరిగినవన్నీ ఇంట్లో చెప్పడం మానేస్తారు. ఇదంతా మామూలే.

చెబుతుంటే ఆ గది కళ్ళముందుకొస్తుంది. వానాకాలంలో కిటికీ చువ్వలకు తగిలించిన రెయిన్‌కోట్ల నుంచి నీళ్ళు కారుతుండేవి. లంచ్ బెల్లు కొట్టగానే డబ్బాల మూతలన్నీ ఒక్కసారి తెరుచుకుని పప్పు, పచ్చడి, పులిహోర, ఆమ్లెట్ వాసనలు కలిసిపోయేవి. “సార్, వీడు నా రబ్బరు కొరికిండు” అని ఒకడు ఫిర్యాదు చేస్తే, “అది బిస్కెట్ లెక్క వాసనొస్తున్నది సార్” అని రెండోవాడు న్యాయం చెప్పుకునేవాడు. ముప్పైమందికి పైగా పిల్లలు, రోజూ కట్టలకొద్దీ కరెక్షన్, నెలకో యూనిట్ టెస్ట్. మళ్ళీ ఇస్తే మళ్ళీ ఆ గదికే వెళతాను.

అయితే ఆ ఏడాది దాకా తల్లిదండ్రులకు చెప్పే మాటల్లో మరో మాట కూడా ఉండేది. ఇప్పుడు అది చెప్పడం లేదు. ఎందుకు చెప్పడం లేదో ఎవరికీ ఇంతవరకు వివరించలేదు.

స్కూలు తెరిచిన కొద్ది రోజులకు ఒక శనివారం ఓరియెంటేషన్ పెట్టేవాళ్ళం. తల్లిదండ్రులు పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చుంటారు. క్లాస్ టీచర్ నిలబడి సిలబస్, టైంటేబుల్, పరీక్షల వివరాలు చెబుతాడు. అన్నీ అయ్యాక నేను గొంతు పెంచి అనేవాణ్ణి: “ఇంకొక్కటి. ఈ ఏడాది నుంచి ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడండి. పిల్లలతో ఒక్క మాట కూడా తెలుగులో వద్దు.” స్కూల్లో తెలుగు మాట్లాడకూడదన్న నియమం గేటు లోపలి వరకే. ఇంటి గురించి చెప్పమని హెచ్.ఎం. మేడం నాతో ఎప్పుడూ అనలేదు. ఆ మాట నేనే చేర్చాను. చెప్పినప్పుడు అందరూ తలలూపేవారు, నాకూ బాగుండేది. మా ఇంట్లో మాత్రం మా అమ్మానాన్నలు బాపట్ల నుంచి తెచ్చుకున్న తెలుగే నడిచేది. రాత్రి ప్రార్థన తెలుగులోనే. మా అబ్బాయికి ఎక్కాలు నేర్పింది మా అమ్మ, అదీ తెలుగులోనే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని నాకు ఏనాడూ తోచలేదు.

ఆ ఏడు నా సెక్షన్‌లో అఖిల అనే అమ్మాయి ఉంది. ఇల్లు బోయిగూడలో. తండ్రి అక్కడే కట్టెల డిపోలో రంపం మిషను మీద పనిచేసేవాడు. తల్లి మంజుల ఇంట్లో చీరలకు ఫాల్స్ కుట్టేది. ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకుంది. రెండో తరగతి టీచరు అఖిలను నాకు అప్పగిస్తూ, “ఈ పిల్ల వాగుడు భరించలేరు సార్, జాగ్రత్త” అని నవ్వింది. నాకు ఆ వాగుడు కనిపించలేదు. జులై గడిచేసరికి ఆ అమ్మాయి అడిగినదానికి తలూపడం తప్ప మాట్లాడటం లేదు. నేను దాన్ని బుద్ధిమంతురాలి లక్షణం అనుకున్నాను.

లెక్కల్లో చిత్రంగా ఉండేది. అంకెలిస్తే కూడికలు, తీసివేతలు తప్పు పోయేవి కావు. స్టేట్‌మెంట్ సమ్స్‌లో కొన్ని ఒప్పు, కొన్ని పూర్తిగా తప్పు. తప్పుపోయినచోట లెక్క చెయ్యనే చెయ్యదు, ప్రశ్నలో ఉన్న సంఖ్యనే జవాబుగా దింపేసేది. ఎర్ర ఇంకుతో ‘కేర్‌లెస్’ అని రాసి పేజీ తిప్పేవాణ్ణి. వరుసగా పుస్తకాలు దిద్దేవాడికి ఒకే పిల్ల తప్పుల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసే అలవాటు ఉండాలి. నాకు లేదు.

క్వార్టర్లీ పరీక్షల తర్వాత పేరెంట్స్ మీటింగుకు మంజుల వచ్చింది. నేనేం చెప్పినా “ఎస్ సార్, ఓకే సార్, థాంక్యూ సార్” అంది. ఇంట్లో ఇంగ్లీషేనా అని అడిగితే, “ఓన్లీ ఇంగ్లీష్ సార్” అంది. వెనక వరుసలో ఉన్నవాళ్ళకు వినిపించేలా నేను, “చూశారా, ఈమె ప్రయత్నం చూడండి. మీరూ నేర్చుకోవాలి” అన్నాను. ఆమె తల వంచుకుంది. సిగ్గుపడుతోందనుకున్నాను.

డిసెంబరులో హాఫ్ ఇయర్లీ అయ్యాక మాకు ఒక పని ఉండేది. చట్టప్రకారం పిల్లల్ని ఫెయిల్ చెయ్యకూడదు. కానీ వెనకబడిన పిల్లల తల్లిదండ్రులను పిలిచి, అదే తరగతి మళ్ళీ చదివించమని, లేదంటే టీసీ తీసుకోమని సలహా ఇచ్చేవాళ్ళం. సలహా అనేది పేరుకే. ఎవరికి చెప్పాలన్నది క్లాస్ టీచర్ హెచ్.ఎం.కి ముందే చెప్పాలి. నేను అఖిల పేరు చెప్పాను. మూడో తరగతి మళ్ళీ చదివితే ఆ పిల్ల కుదుటపడుతుందని నిజంగానే నమ్మాను.

క్రిస్మస్ సెలవులకు ముందు మీటింగులో మంజుల వంతు వచ్చింది. చెప్పవలసిన వాక్యం నా నోట్లో సిద్ధంగా ఉంది. నేను నోరు విప్పేలోపే ఆమె, “సార్, తెలుగుల ఒక్క మాట అడుగుతా. కోపం జేయొద్దు” అంది. అడగమన్నాను.

“మా బిడ్డకు జరమొచ్చిన దినమన్న తెలుగుల మాట్లాడొచ్చా సార్?”

నేను నవ్వాను. హాస్యమాడుతోందనుకున్నాను. ఆమె నవ్వలేదు.

“మొన్న దానికి బాగ జరమొచ్చింది సార్. యాడ నొస్తున్నదో అడగాలె. ‘వేర్’ అనుడు వచ్చు నాకు, నొచ్చుడు రాదు. ‘వేర్, వేర్’ అనుకుంట తలకాయ చూపెట్టిన, కడుపు చూపెట్టిన. అదేమో ఏడుస్తున్నది. నేను సుత ఏడ్చిన.”

ఇన్నాళ్ళూ తెలుగులో అసలేమీ మాట్లాడలేదా అని అడిగాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

“మీరే వద్దన్నరు కద సార్, ఒక్క మాట సుత వద్దని? నాకొచ్చిన ఇంగ్లీష్ ఎంత? కమ్, గో, ఈట్, స్లీప్. పాలు పొంగుతున్నయని ‘మిల్క్, మిల్క్’ అని మొత్తుకున్న. తాగుమంటున్నననుకొని ‘నో మమ్మీ’ అన్నది. పొయ్యంత పాలు.” ఇక్కడ ఆమెకే నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. “ముందుగాల పండుకునేటప్పుడు గంట ముచ్చట్లు పెట్టేది సార్, నన్ను నిద్ర పోనియ్యకపోయేది. ఇప్పుడు గుడ్ నైట్ అనుడు, అటు తిరిగి పండుకునుడు. నా తోనే గాదు, వాళ్ళ నాయినతో సుత మాట్లాడ్తలేదు. ఆయన నన్ను తిడుతుండు, పోరిని మూగదాన్ని జేసినవ్ అని.”

వెనక మిగతా తల్లిదండ్రులు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. మాట్లాడండి, రోజూ మాట్లాడండి, ఎంతైనా మాట్లాడండి అన్నాను. ఆమె నమ్మలేదు. “మార్కులు తక్కువైతే?” అంది. కావు, ఆ పూచీ నాది అన్నాను. మూడో తరగతి మళ్ళీ చదివించాలన్న సంగతి ఎత్తలేదు.

మర్నాడు ఇంటర్వెల్‌లో అఖిలను నా టేబుల్ దగ్గరికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, పుస్తకంలో ఒక తప్పు లెక్క చూపించి, “ఇలా ఎందుకు రాశావమ్మా?” అని తెలుగులో అడిగాను. అఖిల ముందు తలుపు వైపు చూసింది. తర్వాత ప్రశ్న చివర ఉన్న మాట మీద వేలు పెట్టింది. హౌ మెనీ ఆర్ లెఫ్ట్, అని ఉంది.

“లెఫ్ట్‌ది రాయుమన్నరు కద సార్. ఈ నెంబర్ లెఫ్ట్ దిక్కున్నది” అని ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది.

పేజీలు వెనక్కి తిప్పాను. లెఫ్ట్ అన్న మాట ఉన్న ప్రతి లెక్కలోనూ ఎడమవైపు సంఖ్యే జవాబుగా ఉంది. ఒక్కచోట కూడా పొరపాటున కుడివైపుది రాయలేదు. నేను అజాగ్రత్త అని రాసిన పిల్ల చెప్పినట్టు చేయడంలో నా క్లాసులో అందరికన్నా జాగ్రత్తపరురాలు. ఈ విషయంలో తల్లికి తగ్గ కూతురు.

ఇక్కడ లెఫ్ట్ అంటే ఎడమ కాదు, ఎన్ని మిగిలాయి అని అర్థమని చెప్పాను.

“మిగిలినయా? గట్ల జెప్పాలె కద సార్!” అని కోప్పడి, పెన్సిల్ లాక్కుని అక్కడికక్కడే చేసేసింది. రెండో తరగతి టీచరు చెప్పిన వాగుడుకాయ ఈమే అని అప్పుడు తెలిసింది. ఇంట్లో తెలుగు నడిచి ఉంటే, పిల్ల ఆ మాటను ఎడమ అనుకుంటోందని మొదటి నెలలోనే తల్లికి తెలిసేది. లెక్కల్ని ఇద్దరూ కలిసి తెలుగులోకి విప్పుకునే అలవాటు వాళ్ళకు రెండో తరగతిలో ఉండేదట. దాన్ని మాన్పించింది నేను.

సాయంత్రం హెచ్.ఎం. దగ్గరికి వెళ్ళి అఖిల పేరు తీసేయమన్నాను. “పేరు చెప్పిందీ మీరే, తీసేయమనేదీ మీరేనా? ఏం జరిగింది సార్?” అని ఆమె అడిగారు. పాప మెరుగుపడుతోంది మేడం అన్నాను. నా ఓరియెంటేషన్ మాట గురించి చెప్పవలసింది అక్కడే. చెప్పలేదు.

మార్చిలో అఖిల మామూలు మార్కులతో నాలుగుకు వెళ్ళింది. మంజుల స్వీటు డబ్బా తెచ్చి, “మీరు పర్మిషన్ ఇచ్చిండ్రు సార్, మా ఇల్లు మళ్ళ ఇల్లయింది” అంది. డబ్బా తీసుకున్నాను. ఆ పర్మిషన్ ఇచ్చే అధికారం నాకు లేదని, తీసుకునే అవసరం ఆమెకు లేదని అప్పుడూ చెప్పలేదు. తర్వాతి జూన్ ఓరియెంటేషన్‌లో ఆ వాక్యం నిశ్శబ్దంగా వదిలేశాను. అంతకుముందు విన్నవాళ్ళ సంగతి ఆలోచించలేదు.

ఆలోచించవలసి వచ్చింది నా వీడ్కోలు సభలో. ఒక పాత విద్యార్థి తండ్రి మైకు తీసుకుని, “సార్ మాట మీద ఇంట్ల తెలుగు బంద్ పెట్టినం. ఇయ్యాల మావోడు ఏం మాట్లాడినా ఇంగ్లీషే. నాకే సగం సమజ్ కాదు!” అన్నాడు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. నేను దండతో కూర్చుని ఉన్నాను, నేనూ నవ్వాను.

ఆ సంవత్సరం నుంచి నేను నేర్చుకున్నది చెబుతాను. టీచరు చెప్పినదాన్ని కొందరు తల్లిదండ్రులు సలహాగా తీసుకుని సగం మరిచిపోతారు. కొందరు ఆజ్ఞగా తీసుకుని అక్షరాలా పాటిస్తారు. ఎక్కువ నష్టపోయేది రెండోవాళ్ళే. కాబట్టి ఎదుటివాళ్ళు పాటిస్తే వాళ్ళింట్లో ఏమవుతుందో తెలియని మాట టీచరు చెప్పకూడదు. మూడో తరగతిలో పిల్లలకు కావలసింది లెక్కలో వచ్చిన వాక్యాన్ని తమకు తెలిసిన మాటల్లో విప్పి చెప్పే మనిషి. ఆ మాటలు ఏ భాషవైనా సరే.

2012 దాకా నా క్లాసులో మీ పిల్లల్ని చేర్చి, ఇంట్లో తెలుగు మానేసినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ నియమం స్కూలుది కాదు, నాది. అది తప్పు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.