పదికి ఆరు

కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే అతన్ని అక్కడ అందరూ జడ్జిగారనే పిలుస్తారు. ఏ వీడియో గేమ్ పూర్తిచేసినా మర్నాడు భోజనాల దగ్గర తీర్పు చెప్పాల్సిందే. డబ్బా మూత తీస్తాడు గానీ తినడు. ముందు కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, వెలుతురుకు పట్టి చూస్తాడు. కొనడానికి వచ్చినవాళ్లకు మాత్రం చొక్కాతో తుడవొద్దని రోజూ చెబుతాడు. "కథ పర్లేదు. కత్తియుద్ధం చప్పగా ఉంది. పదికి ఆరు," అంటాడు. అతను ఆరు దాటి మార్కులు వేయగా ఎవరూ చూడలేదు. ఆటను తేలికైన స్థాయికి, అంటే ఈజీలో పెట్టుకుని ఆడేవాళ్లంటే అతనికి ఒళ్లుమంట.

అక్కడ అందరూ ఆడుతున్న డ్రాగన్ ఆటను పూర్తిచేసి వచ్చిన ఆ సోమవారం, తీర్పు చెప్పకుండా కళ్లజోడు మూడుసార్లు తుడిచాడు. కౌంటర్లో కూర్చునే అక్క ఉండబట్టలేక అడిగింది. "ఆ చివరి డ్రాగన్‌ని ఎలా చంపావు తమ్ముడూ? మూడు వారాలుగా నన్ను బూడిద చేస్తోంది."

అతను డబ్బాలోకి చూస్తూ గొణిగాడు. "ఈజీలో పెట్టి చంపానక్కా. నలభైసార్లు చచ్చాక ఇక నావల్ల కాలేదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"హమ్మయ్య!" అంటూ అక్క కుర్చీలో వెనక్కి వాలింది. "ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా! నువ్వేమంటావోనని ఈజీకి మార్చకుండా చస్తున్నాను."

కళ్లు పరీక్షించే డాక్టరు తలెత్తకుండానే, "నేను ఆటలో మొదటి ఊళ్లోనే మార్చేశాను," అన్నాడు.

నవ్వులు సద్దుమణిగేసరికి జడ్జిగారు సగం డబ్బా ఖాళీ చేశాడు.

"ఇంతకీ తీర్పు?" అక్క గుర్తుచేసింది.

కళ్లజోడు తియ్యకుండా, నోట్లో ముద్దతోనే చెప్పాడు. "తొమ్మిది."