గూడబాతుల తోటలో పొగ

ఇద్దరం కలిసి తాడిచెట్ల కిందికి వెళ్ళేవాళ్ళం. నేను ఒక్కదాన్నే తిరిగి వచ్చేదాన్ని. ఆ చలికాలమంతా నాకు కూడు పెట్టిన పని అదే.

స్వరాజ్యం వచ్చిన పై ఏటి సంగతి. ఆగిరిపల్లి అవతల మా బావగారు, అంటే పోయిన నా మొగుడి అన్నగారు, ఒక మామిడితోట కాపు కొన్నారు. తోట చివర చెరువుగట్టు, గట్టు మీద తాడిచెట్లు, చెట్ల నిండా గూడబాతుల గూళ్ళు. ముక్కు కింద సంచీ వేలాడేసుకుని కొల్లేటి దాకా పోయి, పిల్లలకు చేపలు మోసుకొచ్చే పెద్ద పక్షులవి. వాటి తీరు చూసి రాసుకోవడానికి మద్రాసు నుంచి ఒక అయ్యగారు వచ్చి గట్టు కింద గుడారం వేశారు. ఊరు దూరం. వండిపెట్టే మనిషి కావాలంటే నేను వెళ్ళాను.

అక్కడ బతుకంతా గుసగుసలే. గట్టిగా దగ్గకూడదు. పక్షులు బెదురుతాయని పొయ్యి ఎక్కడో తోట అవతల పెట్టించారు, అన్నం ఇక్కడికి చేరేసరికి చల్లారిపోయేది. పైనుంచి రెట్ట, పిల్లలు కక్కిన చేపముక్కలు నెత్తిన పడేవి. ఎన్ని నీళ్ళు పోసుకున్నా ఆ నీచు వాసన పోయేది కాదు.

చెట్ల కింద తాటాకులతో ఒక చాటు కట్టారు. చీకటితోనే అయ్యగారు అందులో దూరి సాయంత్రం దాకా కూర్చునేవారు. నేను తోడు వెళ్ళి వెనక్కి రావాలి.

“ఇద్దరు రావడం చూస్తాయి. ఒకరు పోగానే మనుషులు పోయారనుకుంటాయి. వాటికి లెక్క రాదమ్మా,” అన్నారు.

“నాకూ రాదు లెండి,” అన్నాను. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

అయితే నా తెల్లచీరకు పక్షులు లేచిపోయేవి. అందుకని దాన్ని తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో ముంచి ఆరేశాను. మట్టిరంగు పట్టింది. అది కట్టుకుని ఉప్పు కోసం ఇంటికి వెళితే, మా తోడికోడలు గుమ్మంలోనే ఆపింది.

“మొగుడు పోయాక సోకులొచ్చాయేంటే నీకు?”

“సోకు కాదక్కా, తుమ్మచెక్క. కావాలంటే నీదీ ముంచిస్తా.”

ఉప్పు పెట్టలేదు.

మామిడి పూత నిండుగా ఉన్న రోజుల్లో తేనెమంచు పురుగు పడింది. ఆకులు జిగురు పట్టాయి. అది పోవాలంటే సాయంత్రం ఎండుటాకుల కుప్పల మీద పచ్చిరొట్ట వేసి తోటంతా పొగ పెట్టాలి. ఆ సంగతి విని అయ్యగారి మొహం మాడిపోయింది. గూళ్ళలో పిల్లలకు ఇంకా ఈకలు రాలేదు. తల్లులు లేచిపోయి మళ్ళీ దిగకపోతే ఇక్కడ చూడ్డానికేమీ ఉండదు, గుడారం ఎత్తేస్తానన్నారు. ఎత్తేస్తే నేను బావగారింటి వెనక వసారాలో పడుకోవాలి, తోడికోడలు పెట్టినప్పుడు తినాలి.

పొగ పెట్టే సాయంత్రం అయ్యగారు చాటులోంచి బయటికి రాలేదు. నేను గట్టు దగ్గరి కుప్పల వద్దకు పరిగెత్తాను. బావగారు చేతిలో కొరివితో ఉన్నారు.

“బావగారూ, ఈ గట్టు వారన వరసలు వదిలెయ్యండి. పసికూనలండీ, కాకులు తినేస్తాయి.”

“ఇక్కడ వదిలితే పురుగు తోటంతా పాకుద్ది. పూత రాలిపోతే మీ అయ్యగారు తెచ్చి అతికిస్తాడా?” అని నా చీర వంక చూశారు. “మీ మరదలేంటండీ అట్టా తిరుగుతుందని నలుగురూ నన్నడుగుతున్నారు. ఒక మాట చెప్తా విను. ఆ గుడ్డ మార్చుకుని ఇయ్యాలే ఇంటికొచ్చెయ్. పిల్లలు ఎగిరిందాకా ఈ వరసల జోలికి రాను. ఒట్టు.”

ఆయన ఒట్టు వేస్తే తప్పరు. అదే నన్ను భయపెట్టింది. పిల్లలు ఎగిరిపోతాయి. నేను ఎక్కడికి ఎగురుతాను?

“రానండీ. అంటించుకోండి,” అన్నాను.

ఆయన కొరివి కుప్పలో గుచ్చారు.

పొగ తాడిమట్టల దాకా లేచింది. రెక్కల చప్పుడుకు గట్టు అదిరింది. ఒక్క తల్లి కూడా మిగలలేదు. గూళ్ళలోంచి పిల్లల కీచుమన్న అరుపులు, వాటి మీదికి కాకులు. ఒక కాకి ఎర్రటి పిల్లను లాక్కుపోవడం కళ్ళారా చూశాను. చీరచెంగు నోట్లో కుక్కుకున్నాను. నేను కేక వేస్తే కాకులతో పాటు తల్లులూ బెదిరి, మళ్ళీ గూళ్ళ మీదికి దిగవు.

బావగారు వంగి మట్టిగడ్డ తీశారు. కాకుల మీద విసరబోతున్నారు. నోటినిండా ఊపిరి తీసుకున్నారు, అదిలించడానికి. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

మా ఇళ్ళలో తమ్ముడి పెళ్ళాం బావగారి ఎదుట నిలబడడమే ఎక్కువ. ఆయన చెయ్యి నా చేతిలో బిగుసుకుపోయింది. కొట్టేస్తారనుకున్నాను. అయినా నేను వదల్లేదు. “కదలొద్దు,” అన్నాను, అండీ కూడా లేకుండా.

ఇద్దరం అలాగే నిలబడ్డాం. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. పక్షులు చెరువు మీద తిరుగుతున్నాయి, వస్తున్నాయి, పొగ తగిలి మళ్ళీ పోతున్నాయి. చివరికి ఒక తల్లి కాళ్ళు ముందుకు చాపి పొగలోకి దిగింది. దాని వెనక ఇంకోటి. తర్వాత చాలా దిగాయి. కొన్ని గూళ్ళ మీద ఏదీ వాలలేదు.

బావగారు చెయ్యి విడిపించుకుని, మట్టిగడ్డ కింద పడేసి వెళ్ళిపోయారు.

చీకటి పడేముందు అయ్యగారిని తీసుకురావడానికి చాటులోకి వెళ్ళాను. దగ్గి దగ్గి ఆయన గొంతు పోయింది.

“ఆయన్ని అడగలేదా అమ్మా?”

“అడిగానండీ. నేను ఇంటికొచ్చేస్తే ఈ వరసలు వదిలేస్తానన్నారు. రానన్నాను.”

అయ్యగారు పైన తల్లులు సర్దుకుంటున్న చప్పుడు వింటూ కూర్చున్నారు. తర్వాత నావైపు చూడకుండానే లేచారు.

“పొద్దున చీకటి విడవకముందే రామ్మా,” అన్నారు.