అలావుద్దీన్ వెనక్కి అడిగిన పొట్టు

“పారేసిన శెనక్కాయ పొట్టు ఎత్తుకొస్తే దొంగతనమా భాయ్? రెండు బస్తాలకు గడప మీదికొస్తావా?”

సిద్దమ్మ గొంతు పుంగనూరులో మా సందంతా వినబడింది. సైకిల్ షాపులో పంచరు వేస్తున్నవాణ్ణి లేచి వెళ్ళాను. అలావుద్దీన్ ఆమె గడప ముందు నిలబడి, పొట్టు ఇచ్చెయ్యమని ఒకే మాట తిప్పి తిప్పి అంటున్నాడు. ఎందుకో చెప్పడు. చుట్టూ చేరినవాళ్ళు నవ్వుతున్నారు.

“రేపట్నించి పొట్టుక్కూడా బీగం ఏసుకో భాయ్,” అన్నాడు వాళ్ళలో ఒకడు, ఎల్లప్ప.

ఎందుకు చెప్పడో నాకు తెలుసు.

అలావుద్దీన్‌ది క్రోమ్ ప్లేటింగ్ షాపు. సైకిల్ హ్యాండిళ్ళకు మెరుపు పూసి పదేళ్ళుగా బతుకుతున్నాడు. వాటిని కడిగిన నీళ్ళు, క్రోమ్ కలిసి పసుపుపచ్చగా, కాలవలో పడి సిద్దమ్మ ఆవుల కొట్టం పక్కనుంచి పోయేవి. 1983 ఎండాకాలంలో ఆమె దూడ చచ్చింది. ఆ నీళ్ళవల్లేనని ఎవరూ రుజువు చేయలేదు, కాదని అతనూ అనలేదు. నెల లోపల ఆ పసుపు నీళ్ళు ఆగకపోతే షాపు మూయిస్తామని సందువాళ్ళు తేల్చారు.

నీళ్ళలోని లోహాన్ని పొట్టూ బెరడూ పట్టుకుంటాయని మదనపల్లె కాలేజీలో విన్న ముక్క నేనే చెప్పాను. బీయస్సీ సగంలో వదిలేసినవాడి చదువు అంతే, సగం. అతను మాత్రం పట్టు వదల్లేదు. చింతబెరడు వేసి చూశాడు, కొబ్బరిపీచు వేసి చూశాడు. చివరికి నూనె మిల్లు నుంచి వేరుశెనగ పొట్టు తెచ్చి మూడు డ్రమ్ముల్లో కూరాడు. మూడో డ్రమ్ములోంచి నీళ్ళు తేటగా వచ్చాయి. అందరూ గ్లాసు ఎత్తి చూసి సంతోషంగా వెళ్ళిపోయారు. పసుపు ఎక్కడికి పోయిందని ఒక్కరూ అడగలేదు.

పొట్టులోకి పోయింది. వాడిన పొట్టును అతను బస్తాలకెత్తి గోడవార పెట్టాడు. మా ఊళ్ళో పొట్టు కనబడితే పొయ్యిలోకే. సిద్దమ్మ కూతురు మునిలక్ష్మి, ఏడో నెల మనిషి, ఇప్పుడు లోపల పొయ్యి రాజేస్తోంది. పొగ వాసన గడప దాకా వచ్చింది.

నిజం చెబితే షాపు ఆ పూటతో సరి. తడి పొట్టు, మండదని చెప్పి తెచ్చేసుకుందామని అతని చెవిలో అన్నాను. నా చెయ్యి తోసేశాడు.

“దాంట్లో విషముండాదమ్మా. నీళ్ళలోది అందులోకి పోయుండాది. పొగలో వస్తాదో, బూడిదలో ఉంటాదో నాకు తెల్దు. బిడ్డను బయటికి పిలువు.”

సిద్దమ్మ లోపలికి పరుగెత్తి కూతుర్ని చెయ్యిపట్టి బయటికి లాగింది. పొయ్యిలో బిందెడు నీళ్ళు కుమ్మరించి వచ్చింది. ఈసారి అరవలేదు.

“మూసెయ్ భాయ్,” అంది.

అతను బేరమాడలేదు. షాపు తలుపు చెక్కలు తానే బిగించాడు. సిద్దమ్మ ఇంటి బస్తాలు మోసుకొచ్చి గోడవార తక్కినవాటి పక్కన పెట్టాడు. మొత్తం పదకొండు. కాల్చడానికి లేదు, బావి దగ్గర పూడ్చడానికి లేదు, చెరువులో పోయడానికి లేదు. అతను నా వైపు తిరిగాడు.

“రేపు మొదటి బస్సుకు మీ కాలేజీకి పోయిరాప్పా. వదిలేసినోణ్ణని సిగ్గుపడాకు. ఇవి యాడ పెడితే ఎవురికీ ఏమీ గాకుండా ఉంటాదో కనుక్కోనిరా.”