పొయ్యి రాజేసే డాక్టరు

పడమటి సముద్రంలో ఇరవై నాలుగు ఇళ్ల దీవి అది. అలలు లేస్తే వారం దాకా పడవ రాదు. ఆ దీవికున్న ఒక్కగానొక్క డాక్టరు గిరిజాకుమారి రోజూ పొద్దున్నే రెయిన్‌కోటు తొడుక్కుని, వాకిట్లో నిలబడి, పొగ వస్తున్న ఇళ్లను వేళ్ల కణుపుల మీద లెక్కపెడుతుంది. పొగ రాని ఇంటి తలుపు తట్టడం అక్కడి పద్ధతి. వచ్చిన కొత్తలో ఆవిడ ఎలక్ట్రిక్ హీటరుతో సరిపెట్టుకుంటే, ఊరంతా వచ్చి గుమ్మం ముందు నిలబడింది. కరోనా రెండో ఏడు ఆవిడకే అంటుకుంది. ఒళ్లు కాలిపోతున్నా గోడ పట్టుకుని లేచి, టర్ఫ్ అనే, కట్టెల్లా మండే ఎండుమట్టి ఇటుకలు పేర్చి పొయ్యి రాజేసింది.

“హీటరుంది కదా గిరిజా, ఈ జ్వరంలో ఆ పొయ్యెందుకు?” దీవి బయట, స్వోర్డ్స్ అనే ఊళ్లో ఉంటున్న భర్త ఫోన్లో కేకలేశాడు.

“నా పొగ కనపడకపోతే ఎనభై ఏళ్లవాళ్లు కూడా వచ్చేస్తారండీ. జ్వరమని చెప్తే సూపు పట్టుకుని మరీ వస్తారు.”

పదిరోజులూ పొగ ఆగలేదు. పదకొండో రోజు తలుపు తీస్తే, గేటు బయట పొడి టర్ఫ్ బస్తాలు పది, వరసగా ఉన్నాయి. పక్కింటి ముసలావిడ యూనా దూరంగా నిలబడి ఉంది.

“ఏడింటికి రావలసిన పొగ పదింటికొస్తే మాకు తెలీదా డాక్టర్? మొదటిరోజే తెలిసింది. ఆ పొగతో మీరు రావద్దంటున్నారని గేటు దాటలేదు, అంతే.”