గొంతు పెంచని స్వామి

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. మా ఆయన సాంచాల మీద బట్ట నేసేవాడు, నేను ఆ షెడ్డులోనే దారం కండెలు చుట్టేదాన్ని. ఆ చప్పుడులో ఎంత అరిచినా వినపడదు కాబట్టి మేమిద్దరం ఉత్త పెదవులు కదిపి మాట్లాడుకునేవాళ్లం. ఆకలైంది, దారం తెగింది, బిడ్డకు జ్వరం తగ్గింది, అన్నీ అలాగే. పెళ్లైన కొత్తలో ఆయన సరసాలు కూడా పదిమంది మధ్యనే నడిచాయి, ఎవరికీ తెలియకుండా.

అలాంటి మనిషికి కోరుట్ల దగ్గర ఆశ్రమం పెట్టిన ఒక స్వామి పిచ్చి పట్టింది. ఆ స్వామి సంసారాలు విడగొడుతున్నాడని జగిత్యాల దాకా తిట్లే. అడవిలోని అన్నలు కూడా దొంగస్వామి అని గోడల మీద ఎర్రగా రాయించారు. మా ఆయన ఇక ఆశ్రమంలోనే ఉండిపోతానంటుంటే, ఆ రాతలకైనా స్వామి తోక ముడుస్తాడని ఆశపడ్డాను.

ఒక ఆదివారం ఆయన వెంట నేనూ ఆశ్రమానికి వెళ్లాను. స్వామి ఆ రాతల్ని తనే చదివి వినిపించాడు. రాసినవాళ్లూ తన పిల్లలేనట, వాళ్ల కోపం పేదల కోసమేనట. సంసారాల సంగతి మాత్రం ఎత్తలేదు. తర్వాత గొంతు ఇంకా తగ్గించాడు.

"తప్పు చేసినోడు అరుస్తడు. నేను అరుస్తున్ననా? మీ ఇండ్లల్ల ఎవరు అరుస్తున్నరో చూసుకోండ్రి."

పుట్టినప్పటి నుంచి అరుపుల్లో బతికిన మా వాళ్లకు, అంత మెల్లగా మాట్లాడే మనిషి అబద్ధమాడడని నమ్మకం. నాకు ఒళ్లు మండింది. సాంచాల ఊళ్లో అరవకుండా కాపురం చేసిన ఆడది ఎవరు? ఇప్పుడు నేను నోరెత్తితే స్వామి మాటే నిజమైపోతుంది.

ఆడవాళ్ల వరుసలో లేచి నిలబడ్డాను. మా ఆయన నావైపు చూశాడు. షెడ్డులో లాగే పెదవులు కదిపాను.

"ఇంటికి పోదాం. బిడ్డ అడుగుతున్నది."

అర్థమైంది ఆయనకు. తల దించుకుని కళ్లు మూసుకున్నాడు. మా ఇద్దరి మధ్య అది చెవులు మూసుకోవడమే.

బస్సు నిండా జనం ఉన్నా ఒక్కదాన్నే తిరిగొచ్చాను. ఆయన మళ్లీ రాలేదు.

ఇప్పటికీ కండెలు చుడుతుంటే నా పెదవులు వాటంతటవే కదులుతాయి. ఆయన సాంచాల మీద ఇప్పుడు వేరే అతను నేస్తున్నాడు. మంచివాడే. ఏమంటున్నవక్కా అని గట్టిగా అరిచి అడుగుతాడు. ఏం లేదని చెయ్యి ఊపుతాను.