హన్యాకు నేను వెళ్ళని ప్రయాణం

కెనడాలోని సస్కటూన్‌లో నేను అద్దెకున్న బేస్‌మెంట్ ఇంటావిడ, మేమంతా ఆంటీ అని పిలిచిన మనిషి, పోయిన మంగళవారం ఆస్పత్రిలో కన్నుమూశారు. కబురు వినగానే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆవిడతో నేను మాట్లాడటం మానేసి ఏడాది దాటింది.

కాలేజీలన్నీ మన పిల్లలతో నిండిపోయి, గది దొరకడమే గగనమైన రోజుల్లో నాకు చోటిచ్చింది ఆవిడే. అప్పటికే కాళ్ళు పడిపోయి చాలా ఏళ్ళయింది. వాకిట్లో మెట్లు తీయించి చెక్క ర్యాంపు వేయించుకున్నారు. గడప లేదు కదా అని శుక్రవారం ఆ ర్యాంపు అంచుకే నా చేత పసుపు రాయించేవారు. నేను తిన్నానో లేదో కనుక్కోకుండా ఆవిడ కంచం ముందు కూర్చునేవారు కాదు.

ఆవిడకు ఒకటే కోరిక, మళ్ళీ సముద్రంలో దిగాలి. గ్రీసులో హన్యా అనే పాత రేవు పట్టణం దగ్గర నడవలేనివాళ్ళను కుర్చీతో సహా పట్టాల మీద నీళ్ళలోకి దింపే ఏర్పాటుందని తెలిసింది. తోడు నేను వెళ్ళాలని అనుకున్నాం. ఆ చలికాలమంతా పొద్దున్నే అక్కడి హోటళ్ళకు ఫోన్లు చేశాను. తలుపు వెడల్పెంత, మంచం ఎత్తెంత, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ ఉందా. ప్రతివాడూ ఒక్క మెట్టే అనేవాడు.

"ఒక్క మెట్టే అన్నాడంటే వాడికి కాళ్ళున్నాయని అర్థం. ఇంకోటి చూడు అమ్మాయ్," అనేవారు ఆంటీ.

చివరికి మెట్టే లేని చిన్న హోటల్ దొరికింది. నా పాస్‌పోర్టులో వీసా కూడా పడింది.

తీరా చూస్తే ప్రయాణం నా చివరి పరీక్షల వారంలో పడింది. పరీక్షలు వదిలేస్తానన్నాను. ఆంటీ సరేనన్నారు. ఆ మాట నమ్మి సూట్‌కేసు సర్దుకున్నాను. బయల్దేరే ముందురోజు కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం. ఎడ్మంటన్ నుంచి వాళ్ళ అక్క కూతురు వచ్చి, నాకు బదులు తనే హన్యాకు తీసుకెళ్ళిపోయిందట.

ఆంటీ తిరిగొచ్చాక అడిగాను, నాకెందుకు చెప్పలేదని.

"చెబితే నువ్వు పరీక్ష రాసేదానివా?"

"రాసేదాన్ని కాదు. మీరు సరేనన్నారు కదా ఆంటీ."

"అన్నాను," అని తల దించుకున్నారు.

పాసయ్యాను, ఉద్యోగమూ వచ్చింది. అదంతా ఆవిడ చలవే, కాదనను. అయినా మోసం మోసమే. నెల తిరక్కుండా వేరే గదికి మారిపోయాను.

అంత్యక్రియల దగ్గర అక్క కూతురు నన్ను పక్కకు పిలిచి చెప్పింది. అన్నిసార్లు ఫోన్ చేసింది ఈ అమ్మాయే అనుకుని హోటల్ వాళ్ళు ఆమెను నా పేరుతో పలకరించారట. కాదని ఆంటీ చెప్పలేదట. అక్కడున్నన్నాళ్ళూ తనూ అదే పేరుతో పిలిచారట. కుర్చీ నీళ్ళలోకి జారి, అల నడుముదాకా వచ్చినప్పుడు, వెనక్కి తిరిగి నా పేరు పెట్టి గట్టిగా కేక వేశారట, చూడవే అని.

ఒడ్డు మీద నుంచి ఆ అక్క కూతురే పలికిందట.