పుల్లారావు లేని పెళ్లి టేపు

నరసరావుపేట చుట్టుపక్కల ఖాదర్ వలి వీడియో తీయని పెళ్లి లేదంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టే, కానీ ఆయన ముందు ఎవరూ కాదనరు. పాతికేళ్లు కెమెరా మోసి మోసి ఆయన కుడిభుజం ఓ పక్కకు జారిపోయింది. ఏ పార్టీ ఊరికి వెళ్లినా ఆయనకు మర్యాదగా భోజనం పెట్టేవాళ్లు. అందుకు కారణం కెమెరా కాదు, నోరు. ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో చెప్పడు. వంటశాల వెనక పెళ్లికూతురి మేనమామలు చొక్కాలు పట్టుకుంటుంటే ఆయన కెమెరాను పందిట్లో మామిడాకుల మీదికి తిప్పి నిలబడేవాడు.

ఇప్పుడు పెళ్లిళ్లకు డ్రోన్లు వస్తున్నాయి. ఖాదర్ వలి ఇంటి ముందుగదిలో కూర్చుని పాత టేపులు డిస్కుల మీదికి ఎక్కిస్తున్నాడు. ఆయన దగ్గరున్న కాంబో రికార్డర్ ఒక పక్క టేపును మింగుతుంది, ఇంకో పక్క డిస్కు మీద ఎక్కిస్తుంది. ఎక్కుతున్నంతసేపూ దాని మూతి మీద చిన్న ఎర్రలైటు వెలుగుతుంది. తొందరపెట్టడానికి లేదు. మూడు గంటల పెళ్లయితే మూడు గంటలూ కూర్చోవాల్సిందే.

ఆ రోజు పొద్దున గోడ గడియారం ఆగిపోతే ఆయన భార్య సాబిరా ఎక్కణ్నుంచో ఓ సెల్ తెచ్చి వేసి నడిపించింది. కాసేపటికి వాకిట్లో కారాగి నరసింహారావు, సరస్వతమ్మ దిగారు. ఆయన మండలంలో పార్టీ నాయకుడు. ఆమె చేతిలోని సంచిలో, అప్పట్లో ఖాదర్ వలే తీసిన వాళ్ల పెళ్లి టేపుంది. వచ్చే నెల కూతురు భవ్య పెళ్లి. ఫంక్షన్ హాల్లో పెద్ద తెర కట్టి అమ్మానాన్నల పెళ్లి అందరికీ చూపించాలని భవ్య పట్టుబట్టింది.

ఖాదర్ వలి టేపు మూత ఎత్తి చూశాడు. "బూజు పట్టిందమ్మా. తుడుస్తా. ఒకసారికి తిరుగుద్ది. రెండోసారికి తెగుద్ది."

"ఒక్కసారి చాలన్నా," అంది సరస్వతమ్మ. "మా నాయన పెళ్లయిన ఏడాదికే పోయాడు. ఆయన నడిచేది, మాట్లాడేది ఇందులోనే ఉంది."

నరసింహారావు గొంతు సవరించుకున్నాడు. "అంతా ఎక్కించు ఖాదర్ భాయ్. పుల్లారావు గాడు మాత్రం కనపడకూడదు."

పుల్లారావు ఒకప్పుడు ఈయనతో ఒకే కంచంలో తిన్నవాడు. తర్వాత అవతలి పార్టీలోకి వెళ్లి సర్పంచి పదవికి ఈయన మీదే నిలబడ్డాడు. అప్పట్నుంచి ఒకరు వస్తున్న బజారులోకి ఇంకొకరు రారు.

"పెళ్లికి పార్టీవాళ్లంతా వస్తారు. తెర మీద వాడు నా భుజం మీద చెయ్యేసి నిలబడితే నా మొహం యాడ పెట్టుకోవాలి?"

"పాజ్ నొక్కితే ఆ ముక్క డిస్కు మీదికి ఎక్కదు," అన్నాడు ఖాదర్ వలి. "టేపు మాత్రం తిరుగుతానే ఉంటది. పోయిన ముక్క పోయినట్టే."

"పోనీ."

ఎవరినీ నమ్మని మనిషి కాబట్టి, ఎక్కడ ఆపాలో తానే చెప్తానని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు నరసింహారావు. ఖాదర్ వలి మిషను మీద మీట నొక్కి, రిమోటు చేతిలోకి తీసుకున్నాడు.

టీవీ తెర మీద మొదట వచ్చింది పుల్లారావు. పందిరి గుంజకు అరటిచెట్టు కడుతున్నాడు.

"ఆపు."

ఖాదర్ వలి నొక్కాడు. అరటిచెట్టు అయిపోయాక పెళ్లికొడుకు కారు దిగాడు. డోరు తీసింది పుల్లారావు. "ఆపు." పెళ్లికొడుక్కి బాసికం సర్దింది పుల్లారావు. "ఆపు." తాళి కట్టేటప్పుడు బాజాలవాళ్లకు చెయ్యూపింది పుల్లారావు. వడ్డనలో గారెల బుట్ట పుల్లారావుది. తలంబ్రాల దగ్గర పెళ్లికొడుకు వెనక నిలబడి ఇంకా పొయ్యమని సైగ చేసింది కూడా ఆయనే. ఖాదర్ వలి అన్నిసార్లూ వినయంగా నొక్కాడు. నరసింహారావు లెక్కన ఈ డిస్కులో మిగిలింది పురోహితుడు, రెండు గుండిగలు, ఎవరిదో మేక.

సరస్వతమ్మ తెర వంక చూడటం మానేసి మిషను వంక చూస్తూ కూర్చుంది.

అప్పగింతలు వచ్చాయి. చీకటి పడింది. సరస్వతమ్మ తండ్రి కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టి ఏదో చెప్పబోయి చెప్పలేక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇక్కడ వాడు లేడు," అన్నాడు నరసింహారావు తృప్తిగా. "ఇదంతా ఎక్కించు."

"ఉన్నాడు," అన్నాడు ఖాదర్ వలి.

"ఏడి?"

"లైటు పట్టుకుంది ఆయనే. లైటు పట్టే జక్కయ్యకు జరమొచ్చి పడుకుంటే, ఆయనే వచ్చి పట్టుకున్నాడు."

తెర మీద వెలుతురు ముసలాయన మొహం మీద నిలబడకుండా అటూ ఇటూ కదులుతోంది.

"లైటెందుకు అట్టా ఊగుతుంది?"

"మనిషి ఏడుస్తుంటే చెయ్యి ఊగదా అండీ." ఖాదర్ వలి రిమోటు ఎత్తి పట్టుకున్నాడు. "ఆపమంటారా?"

తెర మీద ముసలాయన కళ్లు తుడుచుకుని, "పిల్ల పొద్దున్నే లేవదు, ఏమనుకోబాకు నాయనా," అని అల్లుడితో చెప్పాడు. ముందుగదిలో సరస్వతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"వద్దు," అన్నాడు నరసింహారావు.

టేపు చివరికొచ్చి కీచుమని ఆగింది. ఖాదర్ వలి బయటికి తీస్తే సగం టేపు ముడతలు పడి చేతిలోకి వచ్చేసింది.

"ఇందాక ఆపినయ్యన్నీ మళ్లీ ఎక్కించు," అన్నాడు నరసింహారావు.

"ఇంక దీంట్లో ఏముందండీ."

"అంటే, వాడు అరిటిచెట్టు కట్టింది… బాసికం…" నరసింహారావు ముడతలు పడ్డ టేపును చేతిలోకి తీసుకున్నాడు. "అయ్యన్నీ పోయినట్టేనా?"

ఖాదర్ వలి రిమోటు తిరగేసి వెనక మూత తీశాడు. రెండు సెల్స్ ఉండాల్సిన చోట ఒకటే ఉంది.

"పొద్దున గడియారం ఆగిపోయింది," అన్నాడు.

నరసింహారావు గోడ వంక చూశాడు. గడియారం బాగానే తిరుగుతోంది. తర్వాత భార్య వంక తిరిగాడు. "ఏమే, నీకు తెలుసా?"

"మీరు ఆపమన్నప్పుడు ఎర్రలైటు ఒక్కసారన్నా ఆరలేదుగా," అంది సరస్వతమ్మ.

తిడతాడేమోనని ఖాదర్ వలి కాసేపు నిలబడే ఉన్నాడు. నరసింహారావు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఇంకో డిస్కు తియ్యి," అన్నాడు చివరికి. "వాడింట్లో డిస్కు పెట్టి చూసే మిషనుందో లేదో నువ్వే కనుక్కో."

"నేను ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో చెప్పనండీ. మీరే అడగండి."

నరసింహారావు ఫోను తీసి, పైకీ కిందికీ జరిపి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఏమే, వాడి నంబరు నీ దగ్గరేమన్నా ఉందా?"

"ఉంది," అంది సరస్వతమ్మ. ఆమె ఫోను అప్పటికే చెవి దగ్గరుంది.